చిటికెడు ఉప్పు

హసావిలో మా గదికి కిటికీ లేదు, ఏసీ బొక్క ఉంది.
దాని కింద మంచం, మంచం మీద ల్యాప్‌టాప్,
పక్క మంచంలో డ్యూటీ దిగొచ్చిన ఎర్రన్న గురక.
పగలు షువైఖ్‌లో స్పేర్ పార్టుల లెక్కలు రాస్తాను.
రాత్రి, ఇరవై మంది చీటీకి యాప్ రాస్తాను.

ఒక్కసారి రాస్తే రెండు జాతుల ఫోన్లలో నడవాలి.
గంగులయ్య చేతిలో తెర పగిలిన ఆండ్రాయిడ్,
నాగరత్నం చేతిలో మేడమ్ వాడి వదిలేసిన ఐఫోన్.
బొత్తాం ఇద్దరికీ ఒకటే పచ్చరంగు.
తాళంచెవి దాచుకునే చోటు మాత్రం ఎవరిది వారిదే:
ఒకటి రొంటిన దోపుకుంటుంది,
ఒకటి కొంగున ముడేసుకుంటుంది.
ఆ తేడా నేర్వడానికి నాకు రెండు శుక్రవారాలు పట్టింది.

మొదట్లో తొందరపడ్డాను.
ముందు నడవనీ, తర్వాత చూద్దాంలే అని
పాస్‌వర్డులన్నీ కొట్టినవి కొట్టినట్టే
ఒక పట్టీలో పెట్టేశాను,
వీధి వైపు తీగ మీద లోబట్టలు ఆరేసినట్టు.

ఒక రాత్రి రెండున్నరకి ఏదో తప్పు వెతుకుతూ
ఆ పట్టీ తెరిచాను.
చదవకూడదనే అనుకున్నాను. చదివాను.
గంగులయ్యది బతాకా నంబరు.
ఎర్రన్నది అప్పు మొత్తం, వడ్డీతో సహా.
ఒకరిది కఫీల్ మీద తిట్టు, అసలైన కడప తిట్టు,
చివర ఒకటీ రెండూ మూడూ.
ఏడో వరుసలో డ్రైవర్ ఖాదర్ వలీది:
కాకరపువ్వొత్తి.
పదమూడో వరుసలో నాగరత్నానిది
అదే.
అక్షరం పొల్లుపోకుండా అదే.

ఆమె జాబ్రియాలో ఒక ఇంట్లో వంట.
అతను అదే వీధి పిల్లల్ని బడికి దించే బండి.
మాలియాలో చీటీ పాట పాడే శుక్రవారాల్లో
వాళ్లు ఒకరినొకరు పలకరించుకోగా
నేనెప్పుడూ వినలేదు.

ఏసీ కిందే చెమట పట్టింది.
గడియ లేని స్నానాలగది ముందు నిలబడ్డాను.
ఆ గది కట్టిందీ నేనే.

ఆ రాత్రే దంచడం మొదలుపెట్టాను.
మాటని రోట్లో వేసి నలగ్గొట్టడం,
పచ్చడిలోంచి మళ్లీ కాయ లేచి రాకుండా.
అయితే ఒకే కాయని ఒకేలా నూరితే ఒకటే రుచి,
పక్కపక్కన పెడితే నాలుకున్న ఎవడైనా పట్టేస్తాడు.
అందుకని మనిషికో ఉప్పు, చిటికెడు,
ఏ సముద్రమూ ఎరగని ఉప్పు, యంత్రం పుట్టించింది.
దెబ్బ కూడా నిదానంగా, వేలసార్లు.
దొంగ వచ్చి దంచబోతే వాడి రెక్కలు పడిపోవాలి.

ఫజర్ అజాన్ వేళకి
ఏడో వరుసా పదమూడో వరుసా
ఒకరికొకరు ఏమీ కానివాళ్లయ్యారు.
అరవై అక్షరాల పొట్టు ఇక్కడ, అరవై అక్షరాల పొట్టు అక్కడ.
పాత పట్టీ చెరిపాను, దాని నకళ్లు చెరిపాను.
నా తల మిగిలింది. దానికి కమాండు లేదు.

రంజాన్ వెళ్లాక ఒకరోజు ఖాదర్ వలీ వచ్చాడు.
ఫోను అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు:
"పాస్‌వర్డు మర్చిపోయినా భయ్యా. నీకాడ ఉంటాది గదా, చెప్పు."

మర్చిపోయాడో,
ఆ మాట ఇంకొకరి నోట వినాలనిపించిందో.
నాగరత్నం ఆ నెల వాయిదా రాజోలు నుంచి కట్టింది.
ఇంకా అదే మాట కొట్టి లోపలికొస్తోందో, మార్చుకుందో
నాకు తెలియదు. తెలియకుండా కట్టుకున్నాను గనక.

"నా దగ్గర లేదు వలీ భాయ్."
బుద్ధెరిగాక నేనాడిన అబద్ధాల్లో
నిజానికి ఇంత దగ్గరగా వచ్చింది ఇంకోటి లేదు.
"కొత్తది పెట్టుకో. ఎనిమిదికి తగ్గకుండా."

అతను కొంచెం పక్కకి తిరిగి
బొటనవేలితో నెమ్మదిగా కొట్టసాగాడు.
తెర మీద నల్లచుక్కలు ఒక్కోటే పడుతున్నాయి.
ఎన్నో లెక్కపెట్టకుండా
సులేమానీ గ్లాసు అడుగున
కరగని పంచదార చూస్తూ కూర్చున్నాను.